క్లైమేట్ మోడళ్లలో తుపాను: ఎన్ని వస్తాయన్న ప్రశ్నకే జవాబు ఎందుకు కష్టం?

సంక్షిప్తంగా: భూగోళమంతటినీ లెక్కగట్టే క్లైమేట్ మోడళ్లు తుపాన్లు పుట్టడానికి అనువైన పరిస్థితులను, అవి కురిపించే వానలో రాబోయే మార్పును కొంత నమ్మకంగానే చెప్పగలుగుతున్నాయి. తుపాను కన్ను చుట్టూ వీచే గాలి వేగాన్ని చాలా మోడళ్లు తక్కువగా చూపుతున్నాయి. మొత్తం తుపాన్ల సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా అన్న విషయంలో మాత్రం ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు. గ్రిడ్ (భూమిని విభజించే గడుల) పరిమాణం, మేఘాలను లెక్కగట్టే పద్ధతి, సముద్రంతో జోడింపు, తుపానును గుర్తించే కొలబద్ద ఒక్కో అధ్యయనంలో ఒక్కో రకంగా ఉండటం ఇందుకు ప్రధాన కారణం.

అక్టోబరు, నవంబరు నెలలు రాగానే తుపాన్ల గురించి రెండు రకాల వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ తీరం దాటుతుందో చెప్పే వాతావరణ శాఖ బులెటిన్లు ఒక రకం. భూతాపం పెరిగే కొద్దీ తుపాన్లు ఎలా మారతాయో చెప్పే పరిశోధనల సారం రెండో రకం. మొదటి రకం సమాచారం గత కొన్ని దశాబ్దాల్లో బాగా మెరుగుపడింది. రెండో రకంలో మాత్రం ఒక వార్త తుపాన్లు తగ్గుతాయంటుంది, ఇంకొకటి పెరుగుతాయంటుంది, మరొకటి సంఖ్య తగ్గినా తీవ్రత పెరుగుతుందంటుంది. ఈ మూడు మాటలకూ మూలం ఒకే కోవకు చెందిన మోడళ్లు కావడంతో అసలు వాటిని నమ్మవచ్చా అన్న సందేహం పాఠకులకు కలుగుతోంది. మోడల్ లోపల తుపాను ఎలా తయారవుతుందో చూస్తే ఈ గందరగోళం చాలావరకు తేటపడుతుంది.

రేపటి అంచనా, రాబోయే దశాబ్దాల అనుకరణ

2023 డిసెంబరు 5న మిచాంగ్ తీవ్ర తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అటువంటి తుపాను విషయంలో వాతావరణ శాఖ చేసే పని, ఆ క్షణంలో గాలి, పీడనం, తేమ, సముద్ర ఉష్ణోగ్రత ఎలా ఉన్నాయో ఉపగ్రహాలు, రాడార్లు, నౌకలు, సముద్రంలో తేలే కొలత పరికరాలైన బోయ్‌ల ద్వారా సేకరించి, అక్కడి నుంచి కొన్ని రోజుల ముందుకు లెక్క కట్టడం. ఫలితం ఎక్కువగా ఆ ఆరంభ స్థితి ఎంత సరిగ్గా తెలిసిందన్న దానిపై ఆధారపడుతుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) అభివృద్ధి చేయగా 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గ్రిడ్‌తో ఈ పనే చేస్తుంది.

క్లైమేట్ మోడల్ పని అది కాదు. వాడే భౌతిక సూత్రాలు దాదాపు అవే అయినా, అది సాధారణంగా 19వ శతాబ్దం నడుమ నుంచి మొదలై, గాలిలో కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు, సూక్ష్మ ధూళికణాలు, సూర్యరశ్మి వంటి బయటి కారకాలు ఏటేటా ఎలా మారాయో మాత్రమే తీసుకుని 2100 వరకు తనంతట తానుగా నడుస్తుంది. అందులో 2023 డిసెంబరు వస్తుంది, కానీ మిచాంగ్ రాదు. అదే నెలలో మరోచోట మరో తుపాను పుట్టవచ్చు, ఏదీ పుట్టకపోవచ్చు. ముప్పై నలభై ఏళ్ల కాలంలో ఎన్ని తుపాన్లు, ఏ నెలల్లో, ఏ ప్రాంతాల్లో పుట్టాయన్న సగటు లెక్క వాస్తవానికి దగ్గరగా ఉందా అన్నదే దానికి పెట్టవలసిన పరీక్ష. ఈ తేడాను పట్టించుకోకుండా, నాలుగు రోజుల ముందు తుపానును కచ్చితంగా చెప్పగలుగుతున్నారు కాబట్టి యాభై ఏళ్ల తర్వాతి తుపాన్ల గురించీ అంతే కచ్చితంగా చెప్పగలరనుకోవడం ఎంత పొరపాటో, వచ్చే నెల వాన సరిగ్గా చెప్పలేనివారు వచ్చే శతాబ్దం గురించి ఏం చెబుతారనడం కూడా అంతే పొరపాటు.

గడి పెద్దదైతే కన్ను మాయం

క్లైమేట్ మోడల్ భూమిని గడులుగా విభజిస్తుంది. ఒక్కో గడికి ఒక్కో ఉష్ణోగ్రత, ఒక్కో పీడనం, ఒక్కో గాలి వేగం మాత్రమే ఉంటాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ నివేదికలకు ఆధారమైన, పలు దేశాల మోడళ్లను పోల్చి చూసే సీమిప్ ప్రాజెక్టులో పాల్గొన్న మోడళ్లలో ఎక్కువ భాగానికి గడి వెడల్పు 100 కిలోమీటర్లు, లేదా అంతకంటే ఎక్కువ. ఆరో విడత సీమిప్‌లో మన దేశం తరఫున పాల్గొన్న ఐఐటీఎం ఎర్త్ సిస్టమ్ మోడల్‌లో వాతావరణ గ్రిడ్ సుమారు 200 కిలోమీటర్లు. తుపాను కన్ను వ్యాసం సాధారణంగా 30 నుంచి 60 కిలోమీటర్లు. దాని చుట్టూ గోడలా లేచే మేఘాల వలయంలోనే అత్యధిక వేగపు గాలులు వీస్తాయి. వల కన్ను చేప కంటే పెద్దదైతే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది: కన్ను, దాని గోడ రెండూ ఒకే గడిలో కలిసిపోయి, సగటు గాలి మాత్రమే మిగులుతుంది.

పైగా ఒక ఆకారాన్ని సరిగా చూపడానికి ఒక గడి చాలదు, కనీసం అయిదారు గడులు కావాలి. అంటే 25 కిలోమీటర్ల మోడల్ కూడా నికరంగా పట్టుకోగలిగేది 125, 150 కిలోమీటర్లకు మించిన ఆకారాలనే. ఈ మోడళ్లలో తుపాన్లు వాస్తవం కంటే విశాలంగా, మెత్తగా కనిపించడానికి, కేంద్రంలో పీడనం బాగా పడిపోయినా గాలి వేగం ఆ మేరకు పెరగకపోవడానికి ఇదే కారణం.

అయినా ముతక మోడళ్లలో తుపాన్లు అసలు పుట్టవని కాదు. 1970లోనే స్యుకురో మనాబే బృందం తమ మోడల్‌లో ఉష్ణమండల తుపానును పోలిన సుడులు వాటంతట అవే ఏర్పడటం గమనించింది. 1982లో లెనార్ట్ బెంగ్ట్సన్, మరికొందరు యూరప్ మధ్యకాలిక వాతావరణ కేంద్రం మోడల్‌లో ఇదే చూశారు. వెచ్చని కేంద్రం, కింద అల్పపీడనం, చుట్టూ సుడి వంటి మౌలిక లక్షణాలు ఆ సుడులకు ఉన్నాయి. లోపించినది బలం.

గడిని చిన్నది చేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు జవాబు కంప్యూటర్ ఖర్చులో ఉంది. గడి వెడల్పును సగం చేస్తే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. లెక్క చెదిరిపోకుండా ఉండాలంటే కాలపు అడుగును, అంటే ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య వ్యవధిని, కూడా సగానికి తగ్గించాలి కాబట్టి పని మొత్తం ఎనిమిదింతలవుతుంది. 100 కిలోమీటర్ల నుంచి 25కు రావాలంటే 64 రెట్లు, 3కు రావాలంటే దాదాపు 37 వేల రెట్లు. వందేళ్ల అనుకరణను ఒక్కసారి నడిపితే సరిపోదు, యాదృచ్ఛికతను వేరు చేయడానికి పదేసి సార్లు నడపాలి. అందువల్ల సీమిప్ ఆరో విడతలో హైరెస్‌మిప్ అనే ప్రత్యేక విభాగం ఏర్పాటై, 25 నుంచి 50 కిలోమీటర్ల గ్రిడ్లతో 1950 నుంచి 2050 వరకు మాత్రమే అనుకరణలు జరిగాయి. వాటిలో తుపాన్లు పుట్టే ప్రాంతాలు, నడిచే దారులు గణనీయంగా మెరుగుపడ్డాయి. అత్యంత తీవ్ర శ్రేణి గాలులు మాత్రం చాలా మోడళ్లకు ఇంకా అందలేదు.

మేఘాల దగ్గర చిక్కు

గ్రిడ్ కంటే లోతైన సమస్య మరొకటి ఉంది. తుపానుకు శక్తినిచ్చేది సముద్రం నుంచి ఆవిరైన నీరు పైకి లేచి, చల్లబడి, మేఘంగా మారినప్పుడు వెలువడే వేడి. ఆ పనిచేసే నిలువు మేఘాల వెడల్పు కొన్ని కిలోమీటర్లే. వాటిని నేరుగా లెక్కించలేని మోడల్, ఒక గడిలో సగటున ఇంత తేమ, ఇంత వేడి ఉంటే ఇన్ని మేఘాలు లేచి ఇంత వేడి విడుదలవుతుందని ఒక ఉజ్జాయింపు సూత్రాన్ని వాడుతుంది. దీన్నే పారామీటరైజేషన్ అంటారు.

ఈ సూత్రంలో చిన్న మార్పు తుపాన్ల సంఖ్యను తారుమారు చేస్తుంది. పైకి లేచే మేఘం చుట్టుపక్కల పొడిగాలిని ఎంత కలుపుకుంటుందన్నది అందులో ఒక అంకె. ఆ అంకెను పెంచితే మేఘాలు అంత సులువుగా లేవవు, తేమ కింది పొరల్లో పోగవుతుంది, చివరికి గడి మొత్తం ఒక్కసారిగా ఉబికి సుడిగా మారే అవకాశం పెరుగుతుంది. తగ్గిస్తే మేఘాలు ఎక్కడికక్కడ తేలిగ్గా కురిసిపోయి, తుపానుకు కావలసిన శక్తి కూడకుండానే ఖర్చయిపోతుంది. ఒక మోడల్‌లో తుపాన్ల సంఖ్య వాస్తవానికి సరిపోయిందంటే అది భౌతికశాస్త్రం సరిగ్గా ఉన్నందువల్లా, ఈ అంకెలను సవరించినందువల్లా అన్నది బయటి పాఠకుడికి తెలియదు. మోడల్ ఫలితాలపై వచ్చే వార్తల్లో ఈ సంగతి దాదాపు ఎప్పుడూ కనిపించదు.

అలాగని ఈ విధానం వృథా ప్రయాస కాదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉన్న జీఎఫ్‌డీఎల్ ప్రయోగశాల 2009లో ప్రకటించిన 50 కిలోమీటర్ల మోడల్‌కు వాస్తవ సముద్ర ఉష్ణోగ్రతలు ఇచ్చినప్పుడు, అట్లాంటిక్‌లో ఏ ఏడాది హరికేన్లు (అక్కడి తుపాన్లు) ఎక్కువో ఏ ఏడాది తక్కువో అది చాలావరకు సరిగ్గా చూపింది. వాటి గాలి వేగం తక్కువే, కానీ పుట్టుక లెక్క సరిపోయింది. చుట్టూ ఉన్న విశాల వాతావరణం తుపాను పుట్టుకను శాసిస్తుందని, ఆ విశాల వాతావరణాన్ని మోడళ్లు పట్టుకోగలవని దీనివల్ల స్పష్టమైంది.

ఉజ్జాయింపు సూత్రాన్నే పక్కనబెట్టి మేఘాలను నేరుగా లెక్కించే ప్రయత్నంలో జపాన్ ముందుంది. అక్కడి నికామ్ మోడల్‌ను 2013లో కే సూపర్‌కంప్యూటర్‌పై భూగోళమంతటా ఒక కిలోమీటరు కంటే సన్నని గ్రిడ్‌తో, అతి తక్కువ కాలానికి నడిపారు. తర్వాత పలు దేశాల బృందాలు 2016 ఆగస్టు నుంచి నలభై రోజుల కాలాన్ని కొన్ని కిలోమీటర్ల గ్రిడ్‌తో అనుకరించి ఫలితాలను పోల్చుకున్నాయి. నలభై రోజుల నుంచి నలభై ఏళ్లకు చేరడానికి ఇంకా చాలా దూరం ఉంది. కృత్రిమ మేధ మోడళ్లు ఈ దూరాన్ని తగ్గిస్తాయన్న ఆశ ఉంది, కానీ గతకాలపు సమాచారంతో శిక్షణ పొందిన గ్రాఫ్‌కాస్ట్, పంగు-వెదర్ వంటివి తుపాను దారిని బాగా చెప్పినా తీవ్రతను తగ్గించి చూపుతున్నాయి. గతంలో లేని వేడి సముద్రాల గురించి వాటిని అడగడం మరింత సాహసం.

తుపాను అని ఎవరు తేల్చాలి?

మోడల్ ఇచ్చేది ఆరు గంటలకోసారి పీడనం, గాలి, ఉష్ణోగ్రతల అంకెలు. అందులో తుపాను ఎక్కడుందో వెతకడానికి మరో ప్రోగ్రాం కావాలి. చుట్టుపక్కల కంటే పీడనం ఇంత తక్కువ ఉండాలి, పై పొరల్లో వెచ్చని కేంద్రం ఉండాలి, సుడి ఇంత బలంగా ఉండి ఇన్ని గంటలు నిలవాలి అన్న నిబంధనలు పెట్టి అది వెతుకుతుంది. ఒకే మోడల్ ఫలితానికి రెండు వేర్వేరు ప్రోగ్రాంలు వాడితే రెండు వేర్వేరు సంఖ్యలు వస్తాయి, ముఖ్యంగా బలహీన తుపాన్ల విషయంలో. ముతక మోడళ్లలో గాలి ఎలాగూ తక్కువే కాబట్టి గాలి హద్దును తగ్గించి వెతకడం మామూలే. ఎంత తగ్గించాలన్నది పరిశోధకుల నిర్ణయం.

పోల్చడానికి ఉన్న వాస్తవ రికార్డులోనూ ఏకరూపత లేదు. భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు గాలిని లెక్కలోకి తీసుకుంటే, అమెరికా సైన్యపు జాయింట్ టైఫూన్ వార్నింగ్ సెంటర్ ఒక నిమిషం సగటును తీసుకుంటుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం పది నిమిషాలు. ఉపగ్రహాలు లేని కాలంలో నడి సముద్రంలోనే పుట్టి చల్లారిపోయిన తుపాన్లు రికార్డులోకి ఎక్కకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి 1970లకు ముందటి సంఖ్యలతో పోలికకు విలువ తక్కువ.

బంగాళాఖాతం పెట్టే పరీక్ష

ప్రపంచంలో ఏటా 80 నుంచి 90 తుపాన్లు ఏర్పడితే, బంగాళాఖాతం, అరేబియా సముద్రం కలిపి వాటిలో సుమారు 6 శాతానికే నెలవు. ఈ కొద్ది సంఖ్యను సరిగ్గా రప్పించడం మోడళ్లకు కఠిన పరీక్ష. సముద్రం వెచ్చగా ఉంటే తుపాను పుడుతుందన్న సాధారణ సూత్రం ఇక్కడ చెల్లదు. జూలై, ఆగస్టుల్లోనూ బంగాళాఖాతం తుపానుకు అవసరమైన 26.5 డిగ్రీల కంటే ఎక్కువ వెచ్చగానే ఉంటుంది, కానీ నైరుతి రుతుపవనాల వల్ల కింద పడమటి గాలి, పైన బలమైన తూర్పు గాలి వీయడంతో నిలువుగా లేవవలసిన సుడి నిలబడలేదు. అందుకే ఇక్కడ తుపాన్లు రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో, తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. రుతుపవనాల రాకపోకలను పది పదిహేను రోజులు అటూ ఇటూ చేసే మోడల్ తుపాన్ల కాలాన్ని కూడా అంతే జరిపేస్తుంది. ఇంకొక చిక్కు, ఇక్కడి తుపాన్లలో కొన్నింటికి బీజం తూర్పున ఉంటుంది. దక్షిణ చైనా సముద్రం నుంచి, థాయిలాండ్ మీదుగా అండమాన్ సముద్రంలోకి వచ్చే అవశేష సుడులే తర్వాత బలపడతాయి. 2013 అక్టోబరు నాటి ఫైలిన్ అలా వచ్చినదే.

సముద్రంతో జోడింపు ఇక్కడ ప్రత్యేక ప్రాముఖ్యం సంతరించుకుంటుంది. తుపాను కదిలిన దారిలో గాలి సముద్రాన్ని చిలికి కిందనున్న చల్లని నీటిని పైకి తెస్తుంది, దానితో తుపానుకు అందే వేడి తగ్గుతుంది. సముద్ర ఉష్ణోగ్రతను స్థిరంగా ఇచ్చి నడిపే మోడళ్లలో ఈ అడ్డు ఉండదు కాబట్టి తుపాను మోతాదుకు మించి బలపడవచ్చు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ నదుల నీరు వర్షాకాలం ముగిసే నాటికి బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఉప్పు తక్కువైన తేలికపాటి పొరగా పరచుకుంటుంది. ఈ పొర కిందనున్న నీటితో తేలిగ్గా కలవదు, అందువల్ల చిలికినా చల్లని నీరు అంతగా పైకి రాదు. సరిగ్గా తుపాన్ల కాలంలోనే సముద్రానికి ఉన్న ఈ సహజ నియంత్రణ బలహీనపడుతుందన్నమాట. నదుల నీటిని, ఉప్పదనాన్ని ముతకగా లెక్కించే మోడల్‌కు ఈ సూక్ష్మం అందదు.

వేడెక్కే ప్రపంచంలో ఏం మారుతుంది

సంఖ్య విషయంలో భిన్నాభిప్రాయానికి మూలం సిద్ధాంతంలోనే ఉంది. ఏటా 80, 90 తుపాన్లే ఎందుకు పుడతాయి, 40 లేదా 200 ఎందుకు కాదు అన్నది వివరించే సర్వామోద సిద్ధాంతం ఇప్పటికీ లేదు. భూమి వేడెక్కితే ఉష్ణమండలంలో పై పొరలు కింది పొరల కంటే ఎక్కువ వేడెక్కి గాలి పైకి లేచే వేగం మొత్తం మీద మందగిస్తుంది. మధ్య పొరల్లో గాలి తేమతో నిండడానికి మరింత నీటి ఆవిరి కావాలి. ఈ రెండూ తుపానుగా మారగల బీజాలను తగ్గిస్తాయి. చాలా మోడళ్లలో సంఖ్య తగ్గడానికి ఇవే కారణాలు. వాతావరణ శాస్త్రవేత్త కెర్రీ ఇమాన్యుయేల్ రూపొందించిన మరో పద్ధతిలో, క్లైమేట్ మోడల్ నుంచి పరిసర వాతావరణాన్ని మాత్రం తీసుకుని అందులో వేలకొద్దీ బలహీన సుడులను చల్లి, ఏవి బలపడతాయో చూస్తారు. అందులో సంఖ్య పెరుగుతున్నట్టు తేలింది. బీజాలను బయటి నుంచి చల్లుతున్నారు కాబట్టి వాటి తగ్గుదల ఆ లెక్కలో కనిపించకపోవడం ఒక కారణం కావచ్చు. వాదం ఇంకా ముగియలేదు.

తీవ్రత విషయంలో సిద్ధాంతం స్పష్టంగా ఉంది. వెచ్చని సముద్రానికీ, తుపాను తన గాలిని పైన వదిలే చల్లని పొరకూ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద నడిచే ఉష్ణయంత్రంగా తుపానును చూస్తే, గరిష్ఠ బలం ఎంతన్నది లెక్కించవచ్చు. సముద్రం వేడెక్కితే ఆ పరిమితి పెరుగుతుంది. థామస్ నట్సన్ నేతృత్వంలో 2020లో వెలువడిన సమీక్ష ప్రకారం 2 డిగ్రీల భూతాపానికి తుపాన్ల గరిష్ఠ గాలి సగటున 5 శాతం, కేంద్రానికి సమీపంలో వాన సుమారు 14 శాతం పెరుగుతాయి. 2021 నాటి ఐపీసీసీ నివేదిక కూడా అత్యంత తీవ్ర తుపాన్ల వాటా పెరుగుతుందని, మొత్తం సంఖ్య తగ్గవచ్చు లేదా మారకపోవచ్చని పేర్కొంది.

అరేబియా సముద్రం కథ కొంత వేరు. 2014లో నిలోఫర్, 2015లో చపల, మేఘ్ అక్కడ రుతుపవనాల తర్వాత అత్యంత తీవ్ర తుపాన్లుగా మారాయి. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం జీఎఫ్‌డీఎల్ వారి 25 కిలోమీటర్ల మోడల్‌తో పరిశీలించి, మానవ కారణాల వల్ల అటువంటి తుపాన్ల అవకాశం పెరిగిందని తేల్చింది. ముతక మోడల్‌తో ఆ ప్రశ్న వేయడమే కుదరదు, ఎందుకంటే అందులో ఆ శ్రేణి తుపాను పుట్టదు.

ఆంధ్ర తీరానికి, లోపలి ఊళ్లకు

అన్నింటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న తుపాన్లు పెరుగుతాయా అన్నది. తీర ప్రణాళికకు దీని ఉపయోగం అన్నింటికంటే తక్కువ. 14 శాతం అదనపు వాన అన్న అంచనా, ఒక డిగ్రీ వేడికి గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదన్న మౌలిక సూత్రానికి సరిపోతుంది. అది కన్ను గోడ కచ్చితమైన ఆకారం మీద ఆధారపడదు కాబట్టే మోడళ్ల మధ్య అంగీకారం ఎక్కువ. సముద్ర మట్టం సంగతీ అంతే: 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇకపై వచ్చే ప్రతి ఉప్పెనా ఆ పెరిగిన మట్టం మీద నుంచే మొదలవుతుంది.

వాన విషయంలో తుపాన్ల సంఖ్య ఎంత దారి తప్పించగలదో 2020 అక్టోబరు 13 చూపింది. ఆ రోజు కాకినాడ సమీపంలో తీరం దాటినది తీవ్ర వాయుగుండం మాత్రమే, పేరు పెట్టే స్థాయికి కూడా చేరలేదు. అదే తెలంగాణ మీదుగా కదిలి హైదరాబాద్‌ను ముంచెత్తింది. గంటకు 62 కిలోమీటర్ల గాలి దాటిన వాటినే తుపాన్లుగా లెక్కించే ఏ అధ్యయనంలోనైనా ఆ రోజు ఖాతాలో సున్నా పడుతుంది.

ఉప్పెనకు వచ్చేసరికి ఎక్కడ తీరం దాటిందన్నది పదుల కిలోమీటర్ల మేర తెలియాలి. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల సమీపంలో. ఉప్పెన తుడిచిపెట్టింది దివిసీమను. మన అర్ధగోళంలో సుడి అపసవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి తుపాను దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దివిసీమ ఆ కుడివైపున ఉంది. 100 కిలోమీటర్ల మోడల్‌లో చీరాల, దివిసీమ రెండూ ఒకే గడిలో పడిపోవచ్చు. అందువల్ల ఉప్పెన ముప్పును క్లైమేట్ మోడల్ నుంచి నేరుగా చదవడం సాధ్యం కాదు. దాని నుంచి వాతావరణ పరిస్థితులను తీసుకుని, వేలకొద్దీ కృత్రిమ తుపాన్లను సృష్టించి, ఒక్కోదాన్నీ తీరపు లోతు, డెల్టా ఎత్తుపల్లాలు తెలిసిన ఉప్పెన మోడల్‌లోకి పంపాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలకు వాడుతున్న యాడ్‌సర్క్ ఆ తరహా మోడలే. ఆ గొలుసులో ప్రపంచ మోడల్ వంతు మొదటి మెట్టు వరకే: సముద్రం ఎంత వేడిగా, గాలి ఎంత తేమగా, రుతుపవనాలు ఎప్పుడు వెనుదిరుగుతూ ఉంటాయో చెప్పడం. కరకట్ట ఎత్తు, తుపాను షెల్టర్ స్థలం నిర్ణయించడానికి పనికొచ్చే అంకెలు గొలుసు చివరి మెట్టులో, కృష్ణా, గోదావరి డెల్టాల నేల ఎత్తును మీటరులో చిన్న భాగం వరకు కొలిచిన పటాలు చేతికి వచ్చాకే తయారవుతాయి.